ఊఁ కొట్టి నడిపించిన మార్తమ్మ టీచరు

మొన్నొక ఉదయం తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన సర్దుకుని కూచున్నానో లేదో, గుప్పున నొప్పుల మందు వాసన కొట్టింది. కర్పూరమూ పుదీనా పువ్వూ లవంగనూనే కలిసి ముక్కు మీద చెయ్యి చేసుకున్నట్టుండే ఆ వాసనకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురు సీటులో పాతికేళ్ళ యువకుడొకడు ప్యాంటు పైకి మడిచి పిక్కలకి ఆ మందు పట్టిస్తున్నాడు. చెయ్యి పడ్డ ప్రతిసారీ "అమ్మా" అంటున్నాడు.

"ఏంటి బాబూ, ఎక్కడన్నా పడ్డావా?" అన్నాను.

"లేదంకుల్. నిన్న జిమ్ములో లెగ్ డే."

"కాళ్ళ పండగన్నమాట. ఘనంగానే జరిగినట్టుంది."

అతను నవ్వబోయి, నవ్వితే పొట్ట కూడా నొప్పెడుతుందని కాబోలు, మానేశాడు. వేమూరులో దిగాల్సినవాడు. రైలు ఆగక ముందు నుంచీ లేవడం మొదలుపెడితే ఆగేసరికి నిలబడగలిగాడు. తలుపు దాకా అతను వేసిన ఒక్కో అడుగూ చూస్తుంటే నాకు నవ్వాగలేదు. ఎందుకంటే అదే వాసనతో, అదే నడకతో కొన్నేళ్ళ కిందట నేను తెనాలి స్టేషన్లో మెట్లు దిగాను. ఆ మెట్ల దగ్గరే నన్ను మార్తమ్మ టీచరు పట్టుకుంది. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. అందుకని చెబుతున్నాను. నా మాటల్లో పావు వంతు నిజం ఉంటుందని మా ఆవిడ పద్మ అంటుంది. టీచరు విషయంలో మాత్రం ముప్పావు వంతు దాకా వెళ్తానని మాటిస్తున్నాను.

మార్తమ్మగారు రేపల్లెలో నేను చదివిన హైస్కూల్లో డ్రిల్లు టీచరు. సన్నగా, నిటారుగా ఉండేది. తెల్ల క్యాన్వాసు బూట్ల మీదికి నేత చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కట్టుకుని, మెడలో ఈల వేసుకుని వచ్చేది. ఆదివారం చర్చిలో పాడే గొంతే సోమవారం గ్రౌండులో ఆజ్ఞలిచ్చేది కనక, ఆవిడ "అటెన్షన్" అన్నా చివర్లో కొంచెం రాగం పలికేది. కొట్టడం తెలియదు. తిట్టాల్సి వస్తే ఎదురుగా నిలబడి కాసేపు చూసేది, అంతే. ఆవిడ నడకలో తొందర ఉండేది కాదు, ఆగడమూ ఉండేది కాదు. నిండుగా పారే కాలవ పక్కన నిలబడితే ఎలా ఉంటుందో, ఆవిడ నడుస్తుంటే అలా ఉండేది.

నాకేమో ఆటలంటే పడదు, మాటలంటే ప్రాణం. డ్రిల్లు పీరియడు వస్తోందంటే కొత్త అబద్ధం తయారు చేసుకుని వెళ్ళేవాణ్ణి. ఒకరోజు మొహం వేలాడేసుకుని ఆవిడ ముందు నిలబడ్డాను.

"రాత్రి కాలవలోంచి మా పెరట్లోకి మొసలొచ్చింది టీచర్. మా నాన్న ఊళ్ళో లేరు. నేనే దాని మూతి కట్టి, మళ్ళీ కాలవలో దింపి వచ్చేసరికి తెల్లారింది. కాళ్ళు ఒకటే పీకుడండి. ఇవాళ నీడన కూచుంటానండి."

ఆవిడ "ఊఁ" అంది. అని నడవడం మొదలుపెట్టింది.

ఎదుటివాళ్ళు ఊఁ కొట్టాక కథ ఆపడం నా వల్ల అయ్యే పని కాదు. పక్కనే నడుస్తూ మొసలి మూతి మా అమ్మ చీర అంచుతో కట్టానని చెప్పాను. "ఊఁ. తర్వాత?" అంది. దారిలో అది ఏడ్చిందని చెప్పాను. "ఊఁ." వాళ్ళమ్మ భట్టిప్రోలు వైపు కాలవలో ఉంటుందని, కబురు పంపమని నన్ను బతిమాలిందని చెప్పాను. "అయ్యో పాపం. ఊఁ." మొసలి నీళ్ళలోకి దిగి తోక ఊపేసరికి నేను గ్రౌండు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. నీడన కూచోవడానికి వచ్చినవాణ్ణి చొక్కా పిండితే బిందె నిండేలా ఉన్నాను.

"మొసలి వాళ్ళమ్మ సంగతి రేపు చెబుదువు గాని. పోయి నీళ్ళు తాగు," అంది.

అలా హైస్కూలు చదువు అయ్యేదాకా డ్రిల్లు ఎగ్గొట్టాననే అనుకున్నాను.

ఆ తర్వాత రేపల్లెలోనే కాలవల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. కాపురం తెనాలిలో. మధ్యలో ప్యాసింజరు. ఆఫీసు కుర్చీలోంచి రైలు సీటుకి, అందులోంచి ఇంట్లో సోఫాకి మారుతూ నలభై అయిదు దాటేసరికి, నేను ఏ గదిలోకి వెళ్ళినా నా పొట్ట నాకన్నా ముందే వెళ్ళి చోటు చూసిపెట్టే స్థితికి వచ్చాను. షుగరు గీత దగ్గర నిలబడి తొంగి చూస్తోందని డాక్టరుగారు హెచ్చరించారు. నేనేదో కథ చెప్పి ఆయన్ని నవ్వించి బయటపడ్డాను. షుగరుని నవ్వించడం మాత్రం కుదరలేదు.

అప్పుడు జరిగింది మా బావమరిది కిశోరు గృహప్రవేశం, వేమూరులో. కిశోరుకి తెనాలిలో జిమ్ము ఉంది. వాడి చేతులు అరటి బోదెల్లా ఉంటాయి. భోజనాలయ్యాక షామియానా కింద అలవాటు ప్రకారం నా చుట్టూ కుర్చీలు చేరాయి. నేను రేపల్లె ప్యాసింజరు తప్పిపోయిన కథ ఎత్తుకున్నాను.

"రైలు నా కళ్ళ ముందే కదిలిపోయింది. జేబులో టిక్కెట్టుంది, వృథా చేస్తామా? పట్టాల పక్కనే పరుగందుకున్నాను. చినరావూరులో గార్డుకి నమస్కారం పెట్టాను. భట్టిప్రోలులో దాటేశాను. రేపల్లె ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ కూచుంటే అప్పుడు తాపీగా వచ్చింది. డ్రైవరు దిగి నా చేతులు పట్టుకుని, 'ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి సార్, మాకు పైవాళ్ళతో మాటొస్తుంది' అన్నాడు."

నవ్వులు ఆగాక కిశోరు గొంతు సవరించుకున్నాడు.

"బావా, పొద్దున మా మేడ మెట్లెక్కొచ్చి మంచినీళ్ళడిగావు. నీళ్ళిస్తే తాగడానికి ఊపిరాడక గ్లాసు చేత్తో పట్టుకుని కూచున్నావు. నువ్వు రైలుని దాటావా?"

ఇప్పుడు ఇంకా గట్టిగా నవ్వారు. ఈసారి నవ్వు నా కథకి కాదు.

"రెండు నెలల్లో బాపట్లలో పెద్దవాళ్ళకి పరుగు పెడుతున్నారు. ఊళ్ళోంచి సూర్యలంక సముద్రం దాకా. పరుగు ముగిసే చోట కట్టిన బ్యానరు పొద్దున ఎనిమిదింటికల్లా దింపేస్తారు. ఆలోగా నీ కాళ్ళ మీద నువ్వు దాని కింద నించి దాటు, చాలు. పరిగెత్తు, నడువు, పాకు. నీ ఇష్టం."

"దాటితే?"

"ఈ జన్మలో నీ కథలకి అడ్డు రాను."

"దాటకపోతే?"

"ఏడాది పాటు ఏ పెళ్ళిలోనూ పేరంటంలోనూ నువ్వు కథ చెప్పకూడదు. నోరు భోజనానికే."

అందరూ చప్పట్లు కొట్టారు. పద్మ అందరికన్నా ముందు మొదలుపెట్టి అందరికన్నా చివర ఆపింది. నేనూ నవ్వుతూనే పందెం ఒప్పుకున్నాను గానీ, ఆ సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే పోయేదేంటో లెక్క తేలింది. పొలం పుట్రా ఉన్నవాణ్ణి కాదు, పాట రాదు, పేకాట రాదు. శుభకార్యాలకి నలుగురు నన్ను "రావయ్యా ప్రసాదూ" అని పిలిచేది నా కథల కోసం. అవి తీసేస్తే మిగిలేది పొట్ట ఉన్న గుమాస్తా. అలాంటివాళ్ళు షామియానా కింద వరసకి అరడజను మంది ఉంటారు, వాళ్ళ పేర్లు కూడా ఎవరికీ గుర్తుండవు.

మర్నాడే వెళ్ళి కిశోరు జిమ్ములోనే చేరాను. వాడు ఆ విషయంలో మంచివాడు. "పందెం పందెమే, కోచింగు కోచింగే బావా. రెండు నెలల్లో నిన్ను గుర్రాన్ని చేస్తా," అన్నాడు. నాలుగు గోడలకీ అద్దాలు. ఎటు చూసినా నేనే, ఆయాసపడుతూ. చెవులు దిమ్మెక్కించే సంగీతం. ఒక మూల నేల మీద ఇంత లావు లారీ టైరు. దాన్ని ఎత్తి బోర్లించాలి, మళ్ళీ ఎత్తి బోర్లించాలి. ఆ టైరుకి ఇంకా లారీ తగిలించే ఉందని ఇప్పటికీ నా అనుమానం. గుంజీలు, గెంతులు, నేల మీద పడటం, లేవడం, లేచి మళ్ళీ గెంతడం. పైన నిలబడి కిశోరు "ఇంకొక్కటి బావా! ఇంకొక్కటి!" అని కేకలు. ఆ మాటే పంక్తిలో గారెలు వడ్డిస్తూ అని ఉంటే వాణ్ణి దేవుడనేవాణ్ణి. పొద్దునా సాయంత్రమూ రెండు పూటలా ఇదే. మధ్యలో కోడిగుడ్డు తెల్లసొన. పచ్చసొన పద్మ తినేది, నా ముందు కూచుని.

వారం తిరిగేసరికి తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవలేదు. చొక్కా గుండీలు పద్మే పెట్టేది. కూచున్నాక లేవడానికి ఒకరు, లేచాక కూచోవడానికి ఒకరు కావలసి వచ్చేది. ఒంటినిండా నొప్పుల మందు పట్టించుకుని ఆఫీసుకెళ్తే పక్క సీటువాళ్ళకి జలుబులు తగ్గిపోయాయి.

అలాంటి ఒక రోజున తెనాలి స్టేషన్లో వంతెన మెట్లు దిగాలి. ముందుకి దిగబోతే మోకాళ్ళు ససేమిరా అన్నాయి. వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగితే కాస్త తేలిగ్గా ఉంది. అలాగే దిగుతున్నాను. పైనించి వస్తున్న ముసలావిడ ఆగి, "ఏ దేవుడికి బాబూ మొక్కు?" అంది. నాకు మాట్లాడే ఓపిక లేక ఆకాశం వైపు చూపించాను. ఆవిడ చెంపలేసుకుని తనూ వెనక్కి తిరిగింది. ఆవిడ వెనక వాళ్ళ కోడలు, కోడలి వెనక ఇంకో కుటుంబం. మేం సగం దాకా వచ్చేసరికి మెట్ల మీద ఉన్న జనమంతా భక్తిగా వెనక్కే దిగుతున్నారు. ఈ ముక్క పద్మ నమ్మదు. సాక్షి మాత్రం ఉంది. కింద మెట్టు దగ్గర తెల్ల క్యాన్వాసు బూట్లు నాకోసం ఆగి ఉన్నాయి.

"ఒరే ప్రసాదూ! ఈ వెనక నడక ఎప్పట్నించిరా?"

జుట్టు మొత్తం నెరిసింది. నిటారుతనం అలాగే ఉంది. రిటైరయ్యాక తెనాలిలో కాలవ దగ్గర చిన్న పోర్షను అద్దెకి తీసుకుని ఉంటోందట. డెబ్భై దాటాయి. నన్ను బెంచీ మీద కూచోబెట్టి, ఒంటి నించి వస్తున్న వాసన చూసి, మొత్తం చెప్పించుకుంది. పందెం సంగతి విని నవ్వింది గానీ, టైరు సంగతి విన్నప్పుడు నవ్వలేదు.

"ఇవాళ చేసింది రేపు మళ్ళీ చెయ్యాలనిపించాలిరా. రేపు లేవలేనంత ఇవాళ చేస్తే దాన్ని వ్యాయామం అనరు, ఒంటి మీద పగ అంటారు. నీ ఒళ్ళు నీకేం అపకారం చేసింది? పాపం, ఇన్నాళ్ళూ నువ్వేం పెడితే అది తిని కూచుంది."

"పరుగు దగ్గర పడుతోంది టీచర్. నా నోరు కట్టేస్తారండి."

"నోటి కోసమేగా? నోటితోనే నడిపిస్తా. నొప్పులు తగ్గాక కాలవ గట్టు మీదికి రా. మొసలి వాళ్ళమ్మ సంగతి నాకు చెప్పకుండానే స్కూలు వదిలి పోయావు."

అప్పటికి గానీ నాకు వెలగలేదు, ఆ గ్రౌండు చుట్టూ ఆవిడ నన్ను ఏం చేసిందో.

కాలవ గట్టు మీద ఆవిడ పద్ధతి చాలా చిన్నది. నేను కథ చెబుతూ నడవాలి. ఆవిడ ఊఁ కొడుతూ నడుస్తుంది. మాటకీ మాటకీ మధ్య నాకు ఆయాసం అడ్డొస్తే, "కథ తెగుతోంది, నెమ్మదించు" అనేది. అరుగు మీద కూచున్నట్టు సాఫీగా సాగిపోతుంటే, "మరీ విలాసంగా ఉంది, కాళ్ళు కదుపు" అనేది. ఆ రెండిటి మధ్యా ఉన్న చోటే నా చోటు. గడియారం అక్కర్లేదు, అద్దం అక్కర్లేదు. మొదట్లో కాలవ మలుపు దాకా వెళ్ళేసరికి మొసలి ఇంకా గుడ్డులోనే ఉండేది. రానురాను అది పెళ్ళాడి, పిల్లల్ని కని, కృష్ణ దాటి సంబంధాలు చూసుకునే దాకా నడిచాం. వారంలో రెండు రోజులు నడక అయ్యాక వాళ్ళ పెరట్లో సగం నింపిన బకెట్లు రెండు చేతులతో మోయించేది, పీట మీద నించి చేతులు ఆనించకుండా లేపించేది. "ముసలితనంలో ఎవరి సాయం లేకుండా పీట మీంచి లేచినవాడే పహిల్వాను," అనేది. ఆదివారం మాత్రం ఏమీ లేదు. ఓసారి ఉత్సాహం కొద్దీ ఆదివారం కూడా వెళ్ళి తలుపు తట్టాను.

"ఆరు రోజులు లోకమంతా చేసి దేవుడే ఏడో రోజు కూచున్నాడు. నీకేం తొందరొచ్చిందిరా?" అని, కాఫీ ఇచ్చి పంపేసి, తను చర్చికి వెళ్ళిపోయింది.

కిశోరు మధ్యమధ్యలో స్కూటరు మీద గట్టు పక్కన నించి వెళ్తూ, "ఏంటి బావా, కబుర్లు చెప్పుకుంటూ సముద్రం దాకా పోతావా?" అని వెక్కిరించేవాడు. టీచరు వాడికి చెయ్యూపేది. "నువ్వూ రా నాయనా, కథ మంచి పట్టులో ఉంది," అనేది.

పరుగు రోజున ఆవిడ కూడా పేరు రాయించింది. "ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నీకు అడుగు పడదుగా," అంది. చీకటి విడుతుండగా బాపట్ల నడిబొడ్డున అందరం నిలబడ్డాం. కిశోరూ వాడి శిష్యులూ ఒకే రంగు బనియన్లలో ముందు వరస. ఈల వెయ్యగానే వాళ్ళు తుపాకిలోంచి గుళ్ళు వెళ్ళినట్టు వెళ్ళిపోయారు. మేం అందరికన్నా వెనక, మా మామూలు నడకలో బయల్దేరాం. ఆ రోజు కథ మా తాతగారి గేదెది. అది తెనాలిలో సినిమా చూడ్డానికి భట్టిప్రోలు నుంచి ప్యాసింజరు ఎక్కి వచ్చేది. మొదటి ఆట చూసి, తిరుగు బండిలో పాల వేళకి ఇంటికి చేరేది.

ఊరు దాటాక రోడ్డుకి అటూ ఇటూ సరుగుడు తోటలు మొదలయ్యాయి. సముద్రం గాలి మొహాన కొడుతోంది. లెక్క చూసుకుంటే ఎనిమిదిలోగా హాయిగా చేరతాం. నా కాళ్ళు నావేనా అన్నంత తేలిగ్గా ఉన్నాయి. మనసులో అప్పుడే బ్యానరు దాటేసి, కిశోరు మొహం చూస్తూ, ఈ పరుగు కథని ఎలా పెంచి చెప్పాలో కూడా కట్టుకుంటున్నాను. గేదె సినిమా హాల్లో నేల టిక్కెట్టుకి వెళ్ళాలా బాల్కనీకా అని ఆలోచిస్తున్న చోట ఉన్నాం. "బాల్కనీ మెట్లు ఇరుకు కదా టీచర్?" అన్నాను. ఊఁ రాలేదు.

ఆలోచిస్తే అంతకు ముందు వచ్చినవి కూడా బాగా సన్నంగా వచ్చాయి. పక్కకి చూశాను. టీచరు నడుస్తూనే ఉంది. మొహంలో రంగు లేదు. పెదాలు ఊఁ అన్నట్టు కదిలాయి గానీ చప్పుడు రాలేదు.

చెయ్యి పట్టుకుని కల్వర్టు గట్టు మీద కూచోబెట్టాను. వెనకే వస్తున్న నీళ్ళ వ్యాను ఆపి నీళ్ళు తాగించాను. "రాత్రి నిద్ర పట్టలేదురా, పొద్దున కాఫీ కూడా తాగలేదు," అంది, తప్పు చేసిన పిల్లలా. కాసేపటికి ఊపిరి నిలకడకొచ్చింది.

"నువ్వు పో. టైముంది. నేను ఈ వ్యానులో వస్తా."

"వెళ్ళనండి."

"ఏడాది నోరు మూసుకు కూచోవాలిరా! నీ వల్ల అవుతుందా?"

కాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కల్వర్టు మీద కూచుని, ఖాళీ కుర్చీల మధ్య నన్ను నేను చూసుకున్నాను. పెళ్ళిళ్ళన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. నిజం చెప్పాలంటే లేచి రెండడుగులు వేశాను కూడా. వేశాక కథ ఎత్తుకుందామని నోరు తెరిచాను. ఎవరికి చెప్పను? ఇన్ని వారాలుగా ఆవిడ నాకు నేర్పింది ఒక్కటే, ఊపిరి అందని చోట ఆగమని. అది నా ఊపిరికే గానీ ఆవిడ ఊపిరికి వర్తించదని ఎక్కడా చెప్పలేదు. తిరిగొచ్చి పక్కన కూచున్నాను.

"మొండి వెధవా," అంది ఆవిడ. అని, నా వీపు మీద ఒక్కటి వేసింది. హైస్కూల్లో ఎన్నడూ కొట్టని మనిషి. ఆ దెబ్బలో బలం చూశాక నాకు ధైర్యం వచ్చింది.

ఎండెక్కాక లేచాం. వ్యాను ఎక్కమంటే ససేమిరా అంది. నడక బాగా తగ్గించాం. గేదె ఇంటర్వెల్లులో ఏం తిందో చెబుతుంటే దారి పక్కన కూలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే కనబడ్డారు. మొదట్లో తుపాకి గుళ్ళలా పోయినవాళ్ళే. మమ్మల్ని చూసి, "ఇంటర్వెల్లేంటండి? ఎవరికండి?" అంటూ లేచి మాతో కలిశారు. ఒక సరుగుడు చెట్టు కింద కిశోరు పిక్క పట్టుకుని కూచుని ఉన్నాడు. తిమ్మిరి పట్టేసిందట. నా వైపు చూడకుండా లేచి, కుంటుతూ వెనక చేరాడు. తర్వాత ఉండబట్టలేకపోయాడు.

"ఇంతకీ ఆ గేదెకి టీసీ టిక్కెట్టు కొట్టాడా లేదా బావా?"

సముద్రం కనబడే సరికి మాది చిన్న ఊరేగింపైంది. అప్పటికే బ్యానరు దింపి, చుట్ట చుట్టి ఆటోలో పెట్టేశారు. కర్రలు పీకిన గుంతలు మాత్రం ఇసకలో మిగిలాయి. అందరూ నీళ్ళలోకి దిగి మొహాలు కడుక్కున్నారు. నేను ఆ గుంతల దగ్గరే నిలబడ్డాను. కిశోరు వచ్చి, "పందెం పందెమే బావా," అన్నాడు. గొంతులో మునుపటి బింకం లేదు. వాడూ బ్యానరు దాటలేదాయె.

"అవున్రా. ఓడాను," అన్నాను.

టీచరు చీర తడవకుండా ఎత్తి పట్టుకుని మా మధ్యకి వచ్చింది. "నువ్వెక్కడ చెప్పకూడదన్నావు నాయనా? షామియానా కింద, కుర్చీలో కూచుని చెప్పేవేగా?"

"అవునండి టీచర్‌గారూ."

"అయితే ఏడాది పాటు వీడు కూచుని కథ చెప్పకూడదు. నిలబడీ చెప్పకూడదు. నడుస్తూ చెప్పొద్దని పందెంలో ఉందా?"

కిశోరు ఆలోచించాడు. పాపం, వాడికి గేదె సంగతి తేలలేదు. ఇంటికెళ్ళే దాకా ఆగలేడు.

"లేదండి," అన్నాడు.

ఆ తీర్పు మా బంధువర్గం ఆరోగ్యాన్ని మార్చేసింది. ఆ ఏడాది ఏ పెళ్ళికెళ్ళినా భోజనాలయ్యాక ఎవరో ఒకరు, "ప్రసాదూ, అలా ఓ నాలుగడుగులు..." అనేవారు. నేను లేచి నడిచేవాణ్ణి, వెనకే బాబాయిలు, పెద్దమ్మలు, మోకాళ్ళ నొప్పుల అత్తయ్యలు. కర్లపాలెంలో ఒక పెళ్ళిలో నేను చెప్పే కథ ముగియక, ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ పొలాల గట్ల మీద నడుస్తూ పక్క ఊరు చేరిపోతే, అప్పగింతలకి మనుషుల్ని ఆటోల్లో వెనక్కి తేవలసి వచ్చింది. నా షుగరు గీత దగ్గర నించి వెనక్కి తగ్గింది. డాక్టరుగారు ఏం మందు వాడారని అడిగితే గేదె అన్నాను. కిశోరు టైరుని జిమ్ము బయట పెట్టి అందులో బంతి మొక్కలు వేశాడు. కొత్తగా చేరినవాళ్ళని, "బరువెత్తుతూ నాతో మాట్లాడాలి. మాట ఆగితే బరువు దింపాలి," అంటాడిప్పుడు. అది తను కనిపెట్టిందేనని చెప్పుకుంటాడు. చెప్పుకోనివ్వండి, కథలు చెప్పేవాణ్ణి నేనేం అనగలను. ఏడాది గడువు ఎప్పుడు తీరిందో మాలో ఎవరమూ చూసుకోలేదు. చూసుకునేసరికి కూచుంటే నాకు నాలుక ఆడటం మానేసింది.

టీచరు ఆ తర్వాత చాలాకాలం మాతో నడిచింది. నెమ్మదిగా, ఆ నెమ్మదిలోనే రోజూ. పోయినేడు ఒక శుక్రవారం పొద్దున నాతో గట్టు మీద నడిచి, ఇంటికెళ్ళి, కాఫీ తాగి, కుర్చీలోనే కునుకు తీసినట్టు వెళ్ళిపోయింది. ఒక్కరోజు కూడా మంచం పట్టలేదు, ఎవరి చేతా పీట మీంచి లేపించుకోలేదు.

సొంత ఊరని రేపల్లెలోనే సమాధి చేశారు. చర్చి నించి అక్కడికి అందరం ఆవిడ వెనక నడిచాం. పాత విద్యార్థులు, చర్చివాళ్ళు, కాలవ గట్టు జట్టు, పద్మ, కిశోరు. పాడేవాళ్ళు ఒక పాట ముగించి రెండోది అందుకోబోతూ ఏడ్చేశారు. చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కిశోరు నా భుజం తట్టి, "బావా, నడుస్తూనే ఉన్నాం కదా," అన్నాడు. నేను పాస్టరుగారి వైపు చూశాను. ఆయనా ఆవిడ దగ్గర డ్రిల్లు చేసినవారే. తలూపారు.

"టీచరుగారు పరలోకం చేరేసరికి," అని మొదలుపెట్టాను, "అక్కడ దూతలందరూ మేఘాలకి ఆనుకుని పడుకుని ఉన్నారు. రెక్కలున్నాయి కదాని నడక మానేసి ఒక్కొక్కళ్ళకీ ఇంతింత పొట్టలు. ఆవిడ అందర్నీ ఓసారి చూసింది..."

వెనక నించి ఎవరో "ఊఁ" అన్నారు. ఆ పక్కన ఇంకొకరు. నాలుగు మాటలు చెప్పేసరికి ఊరేగింపంతా ఒక్క గొంతుతో ఊఁ కొడుతోంది. అందరూ ఏడుస్తున్నారు, అందరూ నవ్వుతున్నారు. ఒక్కరికీ ఆయాసం లేదు. సమాధుల తోట గేటు దగ్గర అందరూ ఆగారు. నేనూ ఆగాను. ఆగితే కథ చెప్పకూడదు గనక సగంలో ఆపేశాను.

మర్నాడు పొద్దున గట్టు మీద అందరూ నాకన్నా ముందే వచ్చి నిలబడ్డారు. "తర్వాతేమైంది?" అంది పద్మ. ఈవిడ నా కథ అడగడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. అప్పట్నించీ రోజుకి కాస్త చెబుతున్నాను. నిన్నటికి పెద్ద దూత ఒకాయన తన గొప్ప చూపించడానికి రెక్కలు కట్టేసుకుని పరలోకం చుట్టూ పరుగులు తీసి, రొప్పుతూ వచ్చి టీచరు ముందు కూలబడ్డాడు. ఆవిడ తిట్టలేదు. తెల్ల బూట్ల తాళ్ళు బిగించుకుని, "లేవయ్యా, నెమ్మదిగా పోదాం. ఇంతకీ మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అంది.